కమీషన్ వద్దు, మంచం ఇవ్వండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో రోడ్డు పక్క లాడ్జీలు, హోటళ్లు నడుపుతున్న యజమానులకు, వాటి మేనేజర్లకు,

నమస్కారం.

నేను చిత్తూరులో టూరిస్ట్ కారు నడుపుతాను. బండి నాదే, దాని మీద లోనూ నాదే. బెంగళూరు ఎయిర్‌పోర్టు నుంచి తిరుమల, చెన్నై నుంచి కాణిపాకం, హైదరాబాద్ నుంచి శ్రీకాళహస్తి, పార్టీ, అంటే బండి మాట్లాడుకున్నవాళ్లు, ఎటు పొమ్మంటే అటు. మీలో చాలామందికి నా ముఖం తెలిసే ఉంటుంది. పేరు తెలియాల్సిన అవసరం రాలేదు, "డ్రైవరన్నా" అంటే పలుకుతాను కదా. ఈ ఉత్తరంలో ఏ హోటల్ పేరూ రాయడం లేదు. ఒక్కరి తప్పయితే నేరుగా వెళ్లి వాళ్లతోనే మాట్లాడేవాణ్ని. ఇది పలమనేరు నుంచి తడ దాకా దాదాపు అందరి దగ్గరా ఉన్న పద్ధతి.

మీ దగ్గర రాత్రికి ఆగే ప్రతి అద్దె కారుతోనూ గది తీసుకోని మనిషి ఒకడు వస్తాడు. సామాన్లు దించుతాడు, నిద్రపోయిన పిల్లల్ని ఎత్తుకుని లోపలికి తెస్తాడు, లిఫ్టు దాకా వచ్చి "పొద్దున ఎన్నింటికి సార్?" అని అడిగి వెనక్కి తిరుగుతాడు. ఆ తర్వాత అతనెక్కడ పడుకున్నాడో మీ రిజిస్టర్‌లో ఉండదు. తెల్లారి ఆ కుటుంబం మొత్తాన్ని ఘాట్ రోడ్డు ఎక్కించేది అతనే. అతని నిద్ర గురించే ఈ ఉత్తరం.

హైదరాబాద్ నుంచి తిరుపతికి దాదాపు 550 కిలోమీటర్లు. కర్నూలు, నంద్యాల, కడప, రాజంపేట మీదుగా వస్తే టీలు, టిఫిన్లు, భోజనం, పిల్లల వాంతులు అన్నీ కలిపి పన్నెండు గంటలు సులువుగా పడుతుంది. తెల్లవారుజామున లేచి బండి కడుక్కుని, పార్టీ ఇంటికి వెళ్లి, వాళ్లు బయల్దేరేదాకా కాచుకున్న డ్రైవర్ రేణిగుంట చేరేసరికి రాత్రి పది దాటుతుంది. పార్టీ పెద్దాయన రిసెప్షన్‌లో ఆధార్ కార్డులు ఇస్తూ, మంచి మనిషైతే, "డ్రైవర్‌కు కూడా ఏమైనా చూడండి" అంటాడు. మీ కుర్రాడి జవాబు నాకు కంఠతా వచ్చు. "వాళ్లకేం అక్కర్లేదు సార్, బండ్లోనే పడుకుంటారు."

మేం అక్కడే, రెండడుగుల దూరంలో సూట్‌కేసు పట్టుకుని నిలబడి ఉంటాం.

బండిలో ఎలా పడుకుంటామో మీరు ఎప్పుడైనా చూశారా? ముందు సీటు ఎంత వెనక్కి వాల్చినా నడుం కింద గుంత ఉంటుంది. అద్దాలు ఎత్తితే ఉక్క, దించితే దోమలు. మే నెలలో తిరుపతి రాత్రి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొందరు ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుంటారు. డీజిల్ ఖర్చు సంగతి అటుంచండి, గాలి ఆడని సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి పడుకుంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. "సెల్లార్‌లోనే పెట్టుకోండన్నా, నీడగా ఉంటాది" అని మీ వాచ్‌మన్ మంచికే చెబుతాడు పాపం. దయచేసి మీ సెల్లార్ గోడ మీద ఈ ఒక్క హెచ్చరికైనా పెద్ద అక్షరాల్లో రాయించండి. దానికి డబ్బా రంగు చాలు.

ఇక బాత్రూము. "బయట పెట్రోలు బంకులో చూస్కో అన్నా" అనే మాట విననిచోటు ఏదైనా ఉంటే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగంతస్తుల భవనం, గదికో గీజరు, లాబీలో ఫౌంటెన్. డ్రైవర్ పొద్దున్నే పళ్లు తోముకోవడానికి మాత్రం తోటమాలి గొట్టం. స్నానం లేకుండా అలాగే పార్టీని కొండ మీదికి తీసుకెళ్లాలి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు స్నానాలు చేసి, విబూది, నామాలు పెట్టుకుని ఉంటారు. మా చొక్కా వాసన మాకే తెలుస్తుంటుంది. షుగరున్న డ్రైవర్లు మాలో తక్కువేం లేరు. రాత్రి నాలుగుసార్లు లేవాల్సినవాడు చీకట్లో గోడ వెతుక్కుంటూ పోతే, మళ్లీ మీరే "ఈ డ్రైవర్లతో ఇదే తలనొప్పి" అంటారు.

పడుకున్న ఆ కాస్తయినా సాగనిస్తారా అంటే అదీ లేదు. పన్నెండుకు ఒక బండి వస్తుంది, "అన్నా, కొంచెం ముందుకు తీయండి". రెండింటికి ఒక బండి పోతుంది, "అన్నా, కొంచెం వెనక్కి". తాళం ఇచ్చి పడుకుందామంటే బండికి గీత పడితే ఎవరిది బాధ్యత?

తిరుపతికి మరో ప్రత్యేకత ఉంది. అలిపిరి నుంచి కొండపైకి పోయే దారి అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 3 వరకు మూసి ఉంటుంది. తెరిచే వేళకు టోల్‌గేటు దగ్గర లైన్లో ఉండాలని పార్టీలు రెండింటికే లేపుతాయి. తెల్లవారుజాము సేవ టికెట్లున్నవాళ్లయితే వాళ్ల టెన్షన్ వాళ్లది. అంటే పదకొండింటికి సామాన్లు దించిన డ్రైవర్‌కు మిగిలేది మూడు గంటలు, అదీ దోమలకూ వాచ్‌మన్‌కూ పోగా. ఆ కళ్లతోనే రెండో ఘాట్ మలుపులు ఎక్కాలి. దర్శనం అయ్యాక పార్టీ మధ్యాహ్నం కాళహస్తి అంటుంది, సాయంత్రం కాణిపాకం అంటుంది, రాత్రికి బెంగళూరు చేర్చేయమంటుంది. కాణిపాకం నుంచి బెంగళూరు దారిలో బంగారుపాళెం దాటగానే మొగిలి ఘాట్. అక్కడ జరిగిన ప్రమాదాల గురించి చిత్తూరు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పీలేరు వైపు భాకరాపేట ఘాట్ ఉంది. 2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థానికి వస్తున్నవాళ్ల బస్సు రాత్రివేళ అక్కడే లోయలో పడింది. దానికి అతివేగమే కారణమన్నారు. నేను చెప్పేది ఆ రోడ్ల గురించి, అవి ఎలాంటి డ్రైవర్‌ను అడుగుతాయన్న దాని గురించి.

నిద్ర చాలనివాడు ఎలా నడుపుతాడో శాస్త్రవేత్తలు కొలిచారు. ఏకధాటిగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతులు, చూపు మందగించే తీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి తీరుతో సమానమని తేలింది. మన దేశంలో తాగి నడిపితే కేసు పెట్టే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. పొద్దున ఐదింటికి లేచిన డ్రైవర్ రాత్రి పదింటికి మీ గేటు దాటుతున్నప్పుడే ఆ హద్దుకు అవతల ఉన్నట్టు. వాడు తాగలేదు కాబట్టి ఏ యంత్రంలో ఊదించినా సున్నా చూపిస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. కళ్లు తెరిచే ఉండి మెదడు మాత్రం నాలుగు సెకన్లు ఆగిపోతే దాదాపు 90 మీటర్లు బండిని ఎవరూ నడపనట్టే.

రాత్రి రెండు మూడింటప్పుడు హైవే పోలీసులు బండ్లు ఆపి ముఖం కడిగించి పంపిస్తుంటారు. వాళ్లకు దండం పెట్టాలి. మాతో చిన్న మాటలు మాట్లాడి, నీళ్ల బాటిల్ చేతికిచ్చే కానిస్టేబుళ్లను చూశాను. కానీ నీళ్లు నిద్రను తీర్చవు, ఒక పావుగంట వాయిదా వేస్తాయంతే. ఆ పావుగంట గడిచే చోట పడక ఉండాలి. అక్కడ ఉన్నది మీ హోటలే.

"డ్రైవర్ గది అద్దెకు తీసుకోవచ్చు కదా, ఎవరు వద్దన్నారు" అని మీరనవచ్చు. మీరే వద్దన్నారు. ఒంటరి మగవాడికి గది ఇవ్వరు. స్థానిక ఆధార్ ఉంటే అసలే ఇవ్వరు. నేను ఒంటరిగానే వస్తాను, డ్రైవర్ జంటగా రాడు. నా ఆధార్ చిత్తూరుదే, వేరే ఊరిది ఎక్కణ్నుంచి తేను? మీ భయం నాకు అర్థం కాకపోలేదు. ఒంటరిగా వచ్చి గది తీసుకుని ప్రాణాలు తీసుకున్నవాళ్ల కథలు మీ ప్రతి లాడ్జీలోనూ ఒకటి ఉంటుంది. లోకల్ వాళ్లకిస్తే పేకాట, తాగుడు, పోలీసుల చుట్టూ తిరగడం. అవన్నీ నిజమే. అయితే డ్రైవర్ ఎవరో తెలియని మనిషి కాదు. లైసెన్సు ఉంది, బండి ఆర్సీ ఉంది, ట్రిప్ షీటు ఉంది, నంబర్ ప్లేటు మీ సీసీ కెమెరాలో ఉంది, అతనికి పూచీగా పై అంతస్తులో ఓ కుటుంబం ఉంది. మీ హోటల్లో ఆ రాత్రి దిగినవాళ్లలో అందరికన్నా ఎక్కువ ఆధారాలున్నది అతనికే.

ఒకవేళ గది ఇస్తామన్నా అద్దె సంగతి చూడండి. నైట్ హాల్ట్ అయితే పార్టీ మాకు బేటా (డ్రైవర్ ఖర్చుల భత్యం) ఇస్తుంది, ఐదారు వందలు. అందులో రాత్రి భోజనం, పొద్దున టిఫిన్, మధ్యలో టీలు, ఇంటికి మిగిల్చుకోవాల్సింది. మీ గది పదిహేను వందలు, సెలవుల్లో మూడు వేలు. అదీ 24 గంటలకు. మూడు గంటలు నడుం వాల్చేవాడు 24 గంటల అద్దె కడతాడా? పార్టీలు ఏమనుకుంటాయంటే, బేటా ఇచ్చాం కాబట్టి డ్రైవర్ ఎక్కడో పడుకునే ఉంటాడని. ఆ "ఎక్కడో" ఎక్కడుందని ఎవరూ అడగరు. (ఇది చదువుతున్న ప్రయాణికులు ఎవరైనా ఉంటే, ఈసారి హోటల్ బుక్ చేసేటప్పుడు డ్రైవర్ పడక ఉందా అని ఫోన్‌లో ఒక్కమాట అడగండి. నాలుగు పార్టీలు అడిగితే ఈ ఉత్తరం అవసరమే ఉండదు.)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది రాస్తే మావాళ్లలో కొందరికి నా మీద కోపం రావచ్చు, రానివ్వండి. మీరు డ్రైవర్లకు ఏమీ ఇవ్వరని కాదు. ఇస్తారు. పార్టీని తీసుకొస్తే గదికింత అని కమీషన్ ఇస్తారు. రోడ్డు పక్క భోజన హోటళ్లయితే బండి నిండా జనాన్ని తెచ్చిన డ్రైవర్‌కు లోపలి గదిలో ప్రత్యేకంగా వడ్డిస్తారు, రాగి సంగటి, నాటుకోడి పులుసు, అడిగినన్నిసార్లు ఊర్మిండి పచ్చడి. బిల్లు లేదు. పోతూ పోతూ ఒక వాటర్ బాటిల్, కొన్నిచోట్ల ఒక సిగరెట్ పెట్టె. ఇంత మర్యాద దేనికంటే మేం బండిని మీ గేటు వైపు తిప్పుతాం కాబట్టి. ఆ కమీషన్ ఎక్కడి నుంచి వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పార్టీ గది అద్దెలో కలిసే ఉంటుంది. డ్రైవర్ చేతికి రెండొందలు వస్తాయి, డ్రైవర్ నడుం మాత్రం సీటు మీదే.

ఆ రెండొందలు మీరే ఉంచుకోండి. దాని బదులు పడక ఇవ్వండి.

లెక్క నేనే చెబుతాను, మీరు నాకన్నా బాగా వేయగలరు. మీ సెల్లార్ పక్కనో, జనరేటర్ గది వెనకో, టెర్రస్ మీదో పాత పరుపులు, విరిగిన కుర్చీలు పడేసిన గది ఒకటి ఉంటుంది. అది ఖాళీ చేయించి ఆరు ఇనుప మంచాలు వేయండి, రెండంతస్తులవైతే పన్నెండు. మంచానికో ప్లగ్ పాయింటు, ఎందుకంటే మా ఫోన్ చచ్చిపోతే పార్టీకి మేం దొరకం, మ్యాపూ ఉండదు. రెండు ఫ్యాన్లు, కిటికీకి దోమల మెష్, తాళం వేసుకునే చిన్న అర, ఒక మరుగుదొడ్డి, ఒక స్నానాల గది, బకెట్. ఏసీ అడగడం లేదు. రోజూ ఉతికిన దుప్పటి మాత్రం అడుగుతున్నాను, మీ గదుల్లో వేసేదే. ఉచితంగా వద్దు. మనిషికి వంద తీసుకోండి, నూటయాభై తీసుకోండి, ఎంతో బోర్డు మీద రాసి తీసుకోండి. ఉచితం అంటే రెండో నెలలో దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు, డబ్బు తీసుకుంటే మీ కుర్రాడు దాన్ని ఊడుస్తాడు. ఆడవాళ్లు కూడా ఇప్పుడు టాక్సీలు నడుపుతున్నారు, తక్కువమందే అయినా వాళ్ల కోసం విడిగా ఒక చిన్న గది ఆలోచించండి.

"డ్రైవర్లు తాగి గొడవ చేస్తారు" అనే మాట వస్తుందని తెలుసు. చేసేవాళ్లు ఉన్నారు. మీ పై అంతస్తుల్లో చేసేవాళ్లు లేరా? అక్కడ ఏం చేస్తారో ఇక్కడా అదే చేయండి, బయటికి పంపించండి. బండి నంబర్ రాసుకుని మళ్లీ రానివ్వకండి. మా గ్రూపుల్లో పెట్టండి, మేమే వాడికి ట్రిప్పులు ఆపేస్తాం.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన కోరికేం కాదు. చిత్తూరు నుంచి గంటలోపు తమిళనాడు వస్తుంది. అక్కడ 2023లో భవన నిర్మాణ నిబంధనలు సవరించి, హోటళ్లు, లాడ్జీలు అతిథుల డ్రైవర్లకు పడకలూ మరుగుదొడ్లూ ఉన్న డార్మిటరీ కట్టాల్సిందేనని పెట్టారు, హోటల్ ఆవరణలో గానీ 250 మీటర్ల లోపు గానీ. అంతకు చాలా ముందు, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో, రాత్రి హాల్ట్ చేయాల్సిన చోట డ్రైవర్లకు విశ్రాంతి గదులు యజమాని చూపించాలని రాశారు. రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలకోసారి అరగంట విరామం కూడా అందులో ఉండేవి. అది ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది కార్మికులున్న కంపెనీలకు పనికొచ్చిన చట్టం, 2025 నవంబర్‌లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. నాలాంటి ఒంటి బండివాడికి యజమానీ నేనే, కార్మికుడూ నేనే. నాకు విశ్రాంతి గది చూపించాలని నేను ఎవరి మీద కేసు వేయాలి?

ఇంకా వెనక్కి పోతే బ్రిటిష్ కాలంలో, 1867లో, ఉత్తరాది సరాయిలను దృష్టిలో పెట్టుకుని ఒక చట్టం చేశారు. సరాయి నడిపేవాడు గదులు, వసారాలు, బావులు శుభ్రంగా ఉంచాలి, అద్దెల పట్టిక కనిపించేలా పెట్టాలి, అక్కడ ఆగిన మనుషులకూ జంతువులకూ బండ్లకూ రక్షణగా కాపలావాళ్లను పెట్టాలి. ఆగిన బండి ఎద్దులు కూడా సరాయివాడి బాధ్యతే అన్నమాట. మన సత్రాల్లోనూ బండివాడు అరుగు మీద పడుకుంటే ఎవరూ లేపేవాళ్లు కారని పెద్దవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు అరుగు స్థానంలో గ్రానైట్ మెట్లు వచ్చాయి, వాటి మీద కూర్చుంటే "లేవండి, గెస్టులొస్తారు" అంటారు.

లారీవాళ్ల గురించి ప్రభుత్వం కొంత ఆలోచించింది. కొత్తగా తయారయ్యే లారీలకు 2025 అక్టోబర్ నుంచి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. చమురు కంపెనీల బంకుల్లో డ్రైవర్లకు మంచాలు, స్నానాల గదులున్న విశ్రాంతి భవనాలు వస్తున్నాయి, దేశమంతటా వెయ్యి కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. మంచిదే. మామిడి సీజన్‌లో తోతాపురి లోడుతో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల బయట రాత్రులు కాచుకునే లారీ డ్రైవర్లకు అలాంటివి ఎన్ని ఉన్నా చాలవు. కానీ టూరిస్ట్ కారువాడి ఇబ్బంది వేరు. పార్టీని మీ హోటల్లో వదిలి పది కిలోమీటర్ల అవతల బంకులో పడుకోవడానికి పోలేను. పసిబిడ్డకు జ్వరమొచ్చిందని అర్ధరాత్రి ఫోన్ వస్తుంది, ఐదు నిమిషాల్లో బండి మెట్ల ముందుండాలి. పార్టీ ఎక్కడ ఆగితే నా పడక అక్కడే ఉండాలి. అందుకే ప్రభుత్వానికి కాకుండా మీకు రాస్తున్నాను.

సొంత కారులో వచ్చేవాళ్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే నిద్ర వాళ్లకూ అదే నిద్ర. తండ్రి నడుపుతుంటాడు, పక్కన భార్య అతను కునుకు తీయకుండా మాట్లాడుతూ ఉంటుంది, వెనక పిల్లలు. అర్ధరాత్రి నాయుడుపేట దగ్గర కళ్లు మూతపడుతున్నాయని లాడ్జీలో అడిగితే "మధ్యాహ్నం పన్నెండుకు చెకౌట్ సార్, ఫుల్ డే అద్దె" అంటారు. ఐదు గంటలకు ఎందుకంత అని లెక్క వేసుకుని, ఇంకెంత, గంటన్నరలో తిరుపతి అని మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటాడు. ఆ గది ఆ రాత్రి ఖాళీగానే ఉంటుంది. రాత్రి పదకొండు తర్వాత వచ్చి పొద్దున ఏడులోపు వెళ్లేవాళ్లకు సగం అద్దె అని పెట్టండి. ఖాళీ గదికి సగం అద్దె వస్తే మీకు నష్టమేముంది? జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 లోపు గదులకు 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మీ బోర్డుల మీద నాకెక్కడా కనపడలేదు, సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు. బోర్డు మాటొచ్చింది కాబట్టి, అద్దెలు రోడ్డు మీదికి కనపడేలా రాయండి. కారు నంబర్ ప్లేటు టీఎస్సా, కేఏనా, టీఎన్నా అని చూసి రేటు చెప్పే పద్ధతి మా కళ్ల ముందే జరుగుతుంటుంది.

మీకు దీంతో వచ్చేదేమిటో కూడా చెప్పాలి, వ్యాపారం వ్యాపారమే కదా. తిరుపతిలో ఏ హోటల్‌కు పోదామని పార్టీ అడిగేది డ్రైవర్‌నే. ఇప్పుడు ఎక్కువ కమీషన్ ఇచ్చేచోటికి తిప్పేవాళ్లున్నారు. రేపు ఒంటికి నిద్ర దొరికే చోటికి తిప్పుతారు, ఎందుకంటే రెండొందలు రెండు రోజుల్లో అయిపోతాయి, నడుం నొప్పి ఏళ్ల తరబడి ఉంటుంది. చిత్తూరు, తిరుపతి, బెంగళూరు, చెన్నై డ్రైవర్ల గ్రూపులు మాకు బోలెడు. "ఫలానా చోట డ్రైవర్‌కు మంచం, స్నానం, నూటయాభై" అని ఒక్క ఫోటో పెడితే సాయంత్రానికి కోలార్ దాటి, వేలూరు దాటి పోతుంది. ప్రకటనలకు మీరు పెట్టే ఖర్చులో దానికి పైసా కాదు.

మొదట ఒక్కరు చేయండి. వేసవి సెలవుల రద్దీ మొదలయ్యేలోపు ఆరు మంచాలు వేసి, గేటు దగ్గర బోర్డు మీద "డ్రైవర్లకు పడక ఉంది" అని ఒక లైను చేర్చండి. నాకు కబురు పెట్టండి. మొదటి రాత్రి నూటయాభై కట్టి పడుకునేది నేనే, ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టేదీ నేనే. ఆ రాత్రి తెచ్చిన పార్టీ మీద కమీషన్ అడగను.

ఇట్లు,
చిత్తూరు నుంచి ఒక టూరిస్ట్ కారు డ్రైవర్